అద్దకపు అచ్చు – వెబ్‌సైటు పుట

కృష్ణా డెల్టాలో మచిలీపట్నం చేరువనున్న పెడన కలంకారీ అద్దకానికి పేరుపొందినది. వెబ్‌సైటు పుటలు రూపొందించేవారు అక్కడ నేర్చుకొనదగిన పాఠాలు రెండు ఉన్నవి.

మొదటిది పునరావృత్తి. టేకు చెక్కలో చెక్కిన చిన్న అచ్చును పక్కపక్కనే అద్దుకుంటూ పోతే గుడ్డ అంతా నిండుతుంది. అతుకు కనపడకుండా అంచులు కలపడమే అందులోని నేర్పు. 1996లో ప్రమాణంగా వెలువడిన సి.ఎస్.ఎస్. అనే అలంకరణ భాషలోనూ ఒక చిన్న బొమ్మను తెర నిండా పరచే సదుపాయం ఉన్నది. ఆ బొమ్మను ఒక్కసారి తెచ్చుకుంటే చాలు. కనుక సిగ్నలు అంతంతమాత్రంగా ఉన్న పల్లెలో కూడ పుట త్వరగా తెరుచుకుంటుంది.

రెండవది ప్రతిస్పందన. కరక్కాయ నీటిలో తడిపి ఆరబెట్టిన గుడ్డపై పటికనీరు అద్దినచోట వెంటనే ఎరుపు కనపడదు. రంగునీటిలో మరిగించినపుడు మాత్రమే పటిక ఉన్నచోట ఎరుపు పట్టి నిలుస్తుంది. వెబ్‌పుటలోని మీటకు కూడ సూచన ముందే వ్రాసి ఉంచుతారు. వేలు తగిలినపుడు దాని రంగు మారుతుంది. తన నొక్కు అందినదని చదువరికి అదే జవాబు. ఆ జవాబు రాకపోతే దరఖాస్తు పంపే రైతు సందేహపడి మీటను మరల మరల నొక్కుతాడు. ఒకే దరఖాస్తు రెండుసార్లు పోవచ్చును.

పెడన పువ్వులను, తీగలను తెరపై దించుకోవడం సులభమే. వాటి వెనుకనున్న పొదుపును, పద్ధతిని గ్రహించినపుడే పుట అందంగానూ, ఉపయోగకరంగానూ ఉంటుంది.