కోర్టు తలుపు తట్టే హక్కు

శంషాబాద్ అంటే అందరికీ ఎయిర్‌పోర్టు గుర్తుకొస్తుంది. 2008లో అక్కడ విమానాలు దిగడం మొదలైంది. ఊరి పక్క నుంచి ఔటర్ రింగు రోడ్డు పోతుంది. ఆ రోడ్డు మీద తొండుపల్లి టోల్‌గేటు ఉంది.

2019 నవంబరు 27 రాత్రి ఆ టోల్‌గేటు దగ్గర ఘోరం జరిగింది. స్కూటీ కోసం వచ్చిన ఒక పశువుల డాక్టరమ్మను చెరిచి చంపారు. మర్నాడు షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో కాలిపోయిన శవం దొరికింది. ఇలాంటి కేసుల్లో ఆడమనిషి పేరు బయటపెట్టకూడదని చట్టం. అందుకే ఆమెను ‘దిశ’ అన్నారు.

ఆ రాత్రి ఇంటివాళ్లు పోలీసు స్టేషనుకు పరుగెత్తారు. ‘ఇది మా స్టేషను కిందికి రాదు’ అని తిప్పారని వాళ్లు చెప్పారు. కేసు రాయడం ఆలస్యం చేసినందుకు ముగ్గురు పోలీసులను సస్పెండు చేశారు.

తర్వాత నలుగురిని అరెస్టు చేశారు. డిసెంబరు 6 తెల్లవారుజామున ఆ నలుగురూ చటాన్‌పల్లి దగ్గర పోలీసు కాల్పుల్లో చచ్చిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. ‘మంచి పని అయింది’ అని ఆడవాళ్లు కూడా చాలామంది అన్నారు. ఆడపిల్లలున్న తల్లుల కడుపుమంట అది. మరి కోర్టు ఎందుకు కలుగజేసుకుంది?

కోర్టు ఏం అడిగింది?

మన రాజ్యాంగంలో 21వ అధికరణం ఉంది. చట్టం చెప్పిన పద్ధతిలో తప్ప ఎవరి ప్రాణమూ తీయకూడదని అది చెబుతుంది. ‘ఎవరి’ అంటే మంచివాళ్లదే కాదు, నేరం మోపబడినవాళ్లది కూడా. పోలీసుల పని పట్టుకోవడం, రుజువులు తేవడం. తప్పు తేల్చి శిక్ష వేసేది జడ్జీ.

కొందరు ఆ రోజే హైకోర్టుకు వినతిపత్రం రాసుకున్నారు. హైకోర్టు ఆ రాత్రే విచారించింది. శవాలను భద్రంగా ఉంచమంది. తర్వాత ఢిల్లీ నుంచి డాక్టర్లను పిలిపించి మళ్లీ పోస్టుమార్టం చేయించింది. డిసెంబరు 12న సుప్రీంకోర్టు ముగ్గురు సభ్యుల కమిషన్ వేసింది. దానికి పెద్ద సుప్రీంకోర్టు మాజీ జడ్జీ వి.ఎస్. సిర్పూర్కర్.

కమిషన్ 2022లో నివేదిక ఇచ్చింది. పోలీసులు చెప్పిన మాట నమ్మేలా లేదంది. చంపాలనే కాల్చారంది. 10 మంది పోలీసుల మీద హత్య కేసు నడపాలంది. చనిపోయినవాళ్లలో ముగ్గురు 18 ఏళ్లు నిండనివాళ్లని కూడా చెప్పింది. కమిషన్ మాట తీర్పు కాదు. అందుకే 2022 మే 20న సుప్రీంకోర్టు ఆ నివేదికను హైకోర్టుకు పంపింది.

ఇందులో దిశకు జరిగిన నష్టం ఏమిటి? ఆమె కేసు కోర్టులో నడవనే లేదు. సాక్షులు నిలబడలేదు. ఆ నలుగురే చేశారా అని ఏ జడ్జీ తేల్చలేదు. అసలువాడు ఇంకెవడైనా ఉంటే? రేపు మన కొడుకునే అనుమానంతో పట్టుకుపోతే?

అదే నవంబరులో ఆసిఫాబాద్ జిల్లాలో ఇంకో స్త్రీని చెరిచి చంపారు. ఊరూరా తిరిగి సామాను అమ్ముకునే పేదరాలు. ఆమెను ‘సమత’ అన్నారు. ఆ కేసు కోర్టులో నడిచింది. 2020 జనవరి 30న ఆదిలాబాద్ ప్రత్యేక కోర్టు ముగ్గురికి ఉరిశిక్ష చెప్పింది. నేరం జరిగి మూడు నెలలు కూడా కాలేదు. కోర్టు తలచుకుంటే త్వరగానూ తేల్చగలదు.

మనం ఎక్కడికి పోవాలి?

రాజ్యాంగం ఇచ్చిన హక్కుకు దెబ్బ తగిలితే రెండు పెద్ద తలుపులున్నాయి. 226వ అధికరణం కింద హైకోర్టు. 32వ అధికరణం కింద సుప్రీంకోర్టు. ఈ 32నే అంబేద్కర్ రాజ్యాంగానికి గుండె అన్నారు. హక్కు కాగితం మీద ఉంటే చాలదు, అడిగే చోటు ఉండాలి కదా.

ఇంట్లోవాళ్లను పోలీసులు పట్టుకుపోతే 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. దారి ప్రయాణానికి పట్టే టైము అందులో కలపరు. మనిషిని ఎక్కడ పెట్టారో చెప్పకపోతే హైకోర్టులో పిటిషన్ వేయవచ్చు. ‘ఆ మనిషిని తెచ్చి చూపించండి’ అని కోర్టు ఆదేశిస్తుంది. సర్కారు వల్ల ప్రాణం పోతే నష్టపరిహారం కూడా ఇప్పించగలదు.

‘వకీలుకు పైసలెక్కడివి?’ అని భయపడొద్దు. ఆడవాళ్లకు ఎంత ఆదాయం ఉన్నా వకీలును ఉచితంగా పెడతారు. జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. 15100 నంబరుకు ఫోను చేసినా చెబుతారు.

గుర్తుంచుకోండి

1. నేరం ఎక్కడ జరిగినా, దగ్గరి ఏ పోలీసు స్టేషనులోనైనా ఫిర్యాదు రాసుకోవాలి. దీన్ని ‘జీరో ఎఫ్‌ఐఆర్’ అంటారు. 2024 జులై 1 నుంచి ఇది చట్టంలోనే ఉంది.

2. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. అడిగి తీసుకోండి. చదువుకోండి. చెప్పింది సరిగా రాశారో లేదో చూసి, ఆ తర్వాతే సంతకం పెట్టండి.

3. రాసుకోకపోతే జిల్లా పోలీసు అధికారికి పోస్టులో పంపండి. అప్పటికీ కాకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి పోవచ్చు.

4. చెరచడం లాంటి నేరాల్లో కేసు రాయనన్న పోలీసుకు జైలుశిక్ష ఉంది.