పెట్రోలు గిరాకీ: పెద్ద కార్ల లెక్క వేరు

పెట్రోలు ధర పెరిగితే గిరాకీ తగ్గాలి. ఖరీదైన పెద్ద కార్ల విషయంలో ఈ సూత్రం అంతగా పనిచేయదు. కారు వెల ముందు పెట్రోలు ఖర్చు స్వల్పం.

1973 చివర, 1974 మొదట్లో క్రూడాయిల్ ధర పీపాకు సుమారు 3 డాలర్ల నుంచి 12 డాలర్ల సమీపానికి ఎగబాకింది. అయినా అమెరికాలో కాడిలాక్ ఎల్డొరాడో 8.2 లీటర్ల ఇంజనుతోనే 1976 మోడల్ వరకు అమ్ముడైంది.

ధరకు లొంగనిచోట చట్టం అవసరమైంది. కంపెనీ అమ్మే కార్ల సగటు మైలేజీకి 1975 చట్టం కనీస పరిమితి పెట్టింది: 1978 మోడళ్లకు గాలనుకు 18 మైళ్లు, 1985కు 27.5. పెట్రోలు మరీ ఎక్కువ తాగే కార్లపై 1980 మోడళ్ల నుంచి ప్రత్యేక పన్ను పడింది.

పొదుపును ధరకే వదిలేస్తే ఆ భారం టాక్సీవాలాలపైన, చిన్నకారు యజమానులపైన పడుతుంది.