ఆవాలలో బలురక్కసి గింజలు

పోపుల డబ్బాలోని ఆవాలు కొన్ని తెల్ల కాగితంమీద పోసి చూడండి. ఆవగింజ గుండ్రంగా, నున్నగా ఉంటుంది. వాటిలో గరుకుగా, ఒక కొస కాస్త మొన తేలి ఉన్న నల్లని గింజలు కనబడితే అనుమానించాలి. అలాంటి గింజను చెంచాతో నొక్కి నలపండి. ఆవగింజ అయితే లోపల పసుపుపచ్చగా ఉంటుంది, బలురక్కసి గింజ అయితే తెల్లగా ఉంటుంది.

బలురక్కసిని కొన్ని చోట్ల బ్రహ్మదండి అని కూడా అంటారు. బీడు భూముల్లో, రోడ్ల పక్కన పెరిగే ముళ్ళ మొక్క ఇది. పసుపు పూలు పూస్తుంది, తుంచితే పసుపు పాలు కారతాయి. ఆవాల చేలో మొలిస్తే దీని గింజలు పంటలో కలిసిపోతాయి. లాభంకోసం కావాలని కలిపేవారూ లేకపోలేదు.

ఈ గింజల నూనెలోని సాంగ్వినారిన్ అనే విషం వంట వేడికి పోదు. 1998లో ఢిల్లీలో కల్తీ ఆవనూనె వాడి 60 మందికి పైగా చనిపోయారు. మనం పోపులో చిటికెడు ఆవాలే వేస్తాం, నిజమే. కాని ఆవకాయకు ఆవపిండి ఎంత పడుతుందో మీకు తెలుసు. పిండి అయ్యాక ఏ గింజ ఏదో పోల్చలేం. కనుక గింజలే కొని, ఏరి, పట్టించుకోండి. ఆవనూనె వాడేవారు విడి నూనె కొనకండి.

ఒకే వంట తిన్న ఇంటిల్లిపాదిలో ఇద్దరు ముగ్గురికి రెండు కాళ్ళూ వాచి, ఎర్రబడి, విరేచనాలు, ఆయాసం కనిపిస్తే ఆలస్యం చేయవద్దు. గుండె దెబ్బతినవచ్చు, కంటిలో ఒత్తిడి పెరగవచ్చు. ఆ నూనె, ఆ పిండి వెంటనే మానేసి ఆస్పత్రికి రండి. వచ్చేటప్పుడు ఆ సీసా, ఆ డబ్బా కూడా వెంట తీసుకురండి.