ఒక మాట – రెండు ఊళ్లు

‘మీవాడు ఇంట్లో లేడా?’ అన్న ప్రశ్నకు ‘స్టేషనుకు పోయినాడు’ అను జవాబు వచ్చినదనుకొందము. నంద్యాలలో ఆ మాట విన్నవాడు ‘ఏ బండికప్పా?’ అని అడుగును. ఆళ్లగడ్డలో విన్నవాడు ‘ఏమి జరిగిందప్పా?’ అని అడుగును. రెండు ఊళ్ల నడుమ దూరము సుమారు 40 కిలోమీటర్లు. జిల్లా ఒక్కటే, మాట ఒక్కటే. అర్థము మాత్రము వేరు.

కారణము స్పష్టమే. నంద్యాల గుంటూరు–గుంతకల్లు రైలుమార్గముమీద నున్నది. 2016లో ప్రారంభమైన ఎర్రగుంట్ల మార్గము బనగానపల్లె, కోవెలకుంట్ల, జమ్మలమడుగుల మీదుగా పోవునేగాని ఆళ్లగడ్డను తాకదు. అహోబిలయాత్రికుడు నంద్యాలలో రైలు దిగి, ఆళ్లగడ్డ మీదుగా బస్సులో పోవలసినదే. రైలు రాని ఊరిలో స్టేషననగా పోలీసు స్టేషనే. నిఘంటువులో ఎన్ని అర్థములున్నను, ఊరిలో కంటికి కనబడునదే మాటకు మొదటి అర్థమగును.

‘నిలుచు’ అను అర్థముగల లాటిను ధాతువునుండి పుట్టిన పదమిది. మన ‘స్థానము’, ‘స్థావరము’ పదములకు మూలమైన సంస్కృత ‘స్థా’ ధాతువు దానికి తోబుట్టువు. పెద్దలు వాడిన ‘ఠాణా’ సైతము ‘స్థాన’ శబ్దమే హిందుస్తానీలో రూపము మార్చుకొని మనకు చేరినది. కావున ఠాణా స్థానమున స్టేషను వచ్చుట దూరపుచుట్టము ఇల్లు చేరుటవంటిది. బస్సులు ఆగుచోటును మనవారు ‘బస్టాండు’ అనిరి. ఆ ‘స్టాండు’ కూడ ఈ వంశముదే.

విద్యార్థులు నోటుపుస్తకములు కొను ‘స్టేషనరీ’ అంగడికిని దీనితో బాంధవ్యము కలదు. మధ్యయుగమున ఐరోపాలో ఊరూర తిరుగక ఒకచోట నిలిచి పుస్తకములమ్ము వర్తకుని ‘స్టేషనరు’ అనిరి. అతని సరకే స్టేషనరీ. ఇంగ్లీషులో దానిని చివరిభాగమున ‘ఈ’ అక్షరముతోను, ‘కదలని’ అను అర్థముగల మాటను ‘ఏ’ అక్షరముతోను వ్రాయవలెను.

ఉపాధ్యాయులకు మరియొక స్టేషను కలదు. ఉద్యోగి పనిచేయు ఊరిని స్టేషననుట దొరలనాటి అలవాటు. ‘ఔటాఫ్ స్టేషన్’ అను మాటయు, బదిలీలవేళ లెక్కించు ‘స్టేషను పాయింట్లు’ను అక్కడివే. మారుమూల పల్లెలో గడపిన యేండ్లకు ఈ పాయింట్లు హెచ్చు.

అయినను సామాన్యుని గుండె ఝల్లుమనునది పోలీసు అర్థముతోనే. ‘స్టేషను మెట్లెక్కి యెరుగను’ అని మనవారు గౌరవముగా చెప్పుకొందురు. ‘స్టేషనుకు రమ్మన్నారు’ అన్నచో ఇల్లంతయు కలతపడును. మాట ఇట్లు భయమునకు మారుపేరైనచో నష్టము దొంగకు గలుగదు. సొమ్ము పోయినవానికిని, దెబ్బలు తిన్న ఆడుదానికిని గలుగును. అచ్చటికి పోవుటయే అవమానమని తలచి వారు ఇంటనే కుములుదురు. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారము, పోలీసులు నేరుగా విచారింపదగిన నేరము ఏ స్టేషను పరిధిలో జరిగినను, మరియొక స్టేషనులో సైతము ఫిర్యాదు చేయవచ్చును. దీనినే ‘జీరో ఎఫ్.ఐ.ఆర్.’ అందురు. నమోదైన ఫిర్యాదు ప్రతిని ఉచితముగా పొందుట ఫిర్యాదిదారుని హక్కు.

కావున తరగతిలో ఈ మాటకు ఒక్క అర్థము వ్రాయించి ఊరకుండరాదు. ‘మీ ఊరిలో స్టేషననగా ఏది?’ అని పిల్లలను ముందుగా అడుగవలెను. ఆళ్లగడ్డ బాలుడు పోలీసు స్టేషనని చెప్పినచో అది తప్పని కొట్టివేయరాదు. అచ్చటికి ఎవరు, ఎందుకు పోవచ్చునో కూడ ఆ పూటనే చెప్పినచో పాఠము పూర్తియగును.