మూత వదిలి... మూట కట్టు!

పండక్కి ఊరెళ్లాలి. బండి ఉంది, బ్యాగులున్నాయి. ఏది ఎక్కడ కట్టాలన్నదే తేలదు. ఎటూ సర్దలేక చివరికి ఒక బ్యాగును పెట్రోల్ ట్యాంకు మీదికి ఎక్కించేస్తాం. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది...

భోగికి ముందురోజు పొద్దున్నే చౌటుప్పల్‌లో విజయవాడ రోడ్డు పక్కన కాసేపు నిలబడి చూడండి. పంతంగి టోల్‌ప్లాజా దగ్గర కార్లు బారులు తీరి ఉంటాయి. వాటి పక్కనుంచి, టోలు కట్టే పనిలేని బైకులు ఒకదాని వెనక ఒకటి సాగిపోతుంటాయి. ట్యాంకు మీద ఓ బ్యాగు. దాని మీద ఓ పిల్లాడు. నడిపేది నాన్న, వెనక అమ్మ, ఆమె ఒళ్లో ఇంకో సంచి. క్యారియర్‌కి ఓ మూట. సూర్యాపేటకో, కోదాడకో, ఇంకా ఆపైకో ప్రయాణం!

ఆ బండి బంకులోకి తిరిగిందా... ఇక చూడాలి అవస్థ.

‘అన్నా, మూత తియ్యి’ అంటాడు బంకు కుర్రాడు. అమ్మ దిగాలి. పిల్లాణ్ని దించాలి. తాడు విప్పాలి. బ్యాగు కింద పెట్టాలి. తాళంచెవి వెతకాలి. ఈలోగా వెనక నుంచి హారన్లు. ‘జల్ది కానీయన్నా’ అంటూ విసుగులు. పెట్రోల్ పోయించుకున్నాక అదంతా మళ్లీ కట్టాలి. ఆ హడావుడిలో ముడి కాస్త వదులుగా పడుతుంది.

ఒకసారి ఈ తంటా పడ్డవాళ్లు రెండోసారి ఏం చేస్తారు? ‘నకిరేకల్లులో చూద్దాంలే’ అనుకుంటారు. అది దాటాక ‘సూర్యాపేటలో పోయిద్దాంలే’ అనుకుంటారు. ఆ ‘లే’ దగ్గరే వస్తుంది ముప్పు. చీకటి పడ్డాక, లారీలు దూసుకుపోయే రోడ్డు అంచున, భార్యాపిల్లల్ని వెంటబెట్టుకుని ఆగిన బండిని తోసుకుంటూ నడవడమంటే మాటలు కాదు. బండిని ఆపింది పెట్రోల్ లేకపోవడం కాదు... మూత మీద కూర్చున్న బ్యాగు!

అందుకే దూరప్రయాణానికి బండి సర్దడం బట్టలతో కాదు, ట్యాంకు మూతతో మొదలుపెట్టాలి.

రెండొందల లెక్క

మనలో చాలామంది ట్యాంకు నింపించరు. ‘రెండొందలది పొయ్యి’ అంటారు. లీటరు ధర వంద దాటింది కాబట్టి ఆ డబ్బుకు రెండు లీటర్లు కూడా రాదు. రోజూ ఆఫీసుకెళ్లేటప్పుడు అరవై ఇచ్చే బండి అయినా ఇద్దరు మనుషులు, రెండు బ్యాగులు, పైన ఎదురుగాలి ఉంటే అంత ఇవ్వదు. నలభై అనుకున్నా ఎనభై కిలోమీటర్ల లోపే. చౌటుప్పల్ నుంచి సూర్యాపేటకు దూరం ఎనభైకి పైమాటే! అంటే ఇక్కడ పోయించుకున్న రెండొందలు అక్కడిదాకా చేర్చవన్నమాట.

అదే లెక్క ఇంకోలా వేసి చూడండి. హైదరాబాద్ నుంచి విజయవాడ సుమారు 270 కిలోమీటర్లు. లీటరుకు నలభై చొప్పున ఏడు లీటర్లు చాలు. మామూలు వందసీసీ బండి ట్యాంకులో తొమ్మిది పది లీటర్లు పడుతుంది. సామాను కట్టకముందే, ముందురోజు సాయంత్రమే నింపి పెట్టుకుంటే దారిలో మూత తీసే పనే ఉండదు. పండగపూట బంకుల దగ్గర వరసలూ తప్పుతాయి.

గురువులు మన పాలవాళ్లే

బండి మీద సామాను ఎలా కట్టాలో నేర్చుకోవడానికి ఎక్కడికో వెళ్లక్కర్లేదు. పల్లెల నుంచి తెల్లవారుజామున పాలక్యాన్లతో వచ్చేవాళ్లను చూడండి. వెనక చక్రానికి అటొకటి ఇటొకటి ఇనుప కొక్కేలకు వేలాడే క్యాన్లు. రెండువైపులా సమాన బరువు. ఆ బరువూ కిందికి, నేలకు దగ్గరగా ఉంటుంది. ట్యాంకు మాత్రం ఖాళీ! ఎన్నిసార్లు బంకుకెళ్లినా ఒక్క క్యాను కూడా కదపక్కర్లేదు.

ఇది కొత్త విద్యేం కాదు. పూర్వం ఎడ్ల వీపు మీద రెండువైపులా వేలాడేలా వేసే జంట సంచిని కంట్లం అనేవారు. ఇప్పుడు దుకాణాల్లో దొరికే శాడిల్‌బ్యాగు ఆ కంట్లమే! సీటు మీదుగా వేస్తే చెరోపక్కన ఒక్కో సంచి వేలాడుతుంది. బియ్యం, పుస్తకాలు, పనిముట్ల లాంటి బరువైనవి వీటి అడుగున పెట్టాలి. దుప్పట్లు, బట్టల్లాంటి తేలికవి క్యారియర్ మీద కట్టాలి. బరువంతా వెనక చివర పడితే ముందు చక్రం తేలికై హ్యాండిల్ వణుకుతుంది. సైలెన్సర్ వైపు సంచి దానికి ఆనకుండా చూసుకోవాలి. లేకపోతే పండగ బట్టలకు చిల్లులే!

సైకిల్ ట్యూబును పొడవుగా కోసి కట్టే మన పాత పద్ధతి ఇప్పటికీ భేషైనదే. కొక్కేల రబ్బరు తాడైతే సాగదీసేటప్పుడు మొహం పక్కకు పెట్టుకోవాలి. కొక్కెం జారితే కంటికే ప్రమాదం. తాడు కొస వేలాడితే చక్రంలోకో, చెయినులోకో వెళుతుంది. కొసను ముడివేసి లోపలికి దోపాలి.

ట్యాంకు బ్యాగు మంచిదే... కానీ!

ట్యాంకు మీద అసలేమీ పెట్టకూడదా? పెట్టొచ్చు. దానికి వేరే బ్యాగులున్నాయి. అయస్కాంతంతో అతుక్కునేవి ఒక రకం. ఇనుప ట్యాంకుకే పనికొస్తాయి, ప్లాస్టిక్ తొడుగు మీద నిలవవు. పట్టీలతో కట్టేవి ఇంకో రకం. వీటిలో ముందు పట్టీ అలాగే ఉంచి, వెనక బకిల్ ఒక్కటి తీస్తే బ్యాగు ముందుకు ఒరిగి మూత కనపడేది కొనాలి. మూడోది రింగు రకం. ట్యాంకు మూత చుట్టూ ఉండే మరలకు ఓ రింగు బిగిస్తారు. బ్యాగు దానిమీద టక్కున కూర్చుంటుంది, లాగితే వచ్చేస్తుంది. ఇటలీలో మాజీ రేసర్ జుసెప్పే విసెంజీ 1978లో స్థాపించిన గివి లాంటి కంపెనీలు ఇలాంటివి చేస్తున్నాయి. మీ బండి మూతకు సరిపడే రింగు ఉందో లేదో చూసుకున్నాకే బ్యాగు కొనాలి.

ఏ రకమైనా బ్యాగు చిన్నదై ఉండాలి. నింపాక హ్యాండిల్‌ను ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పి చూడాలి. బ్యాగు తగిలినా, హారన్ నొక్కుకున్నా అది పనికిరాదు.

స్కూటరైతే?

పాత చేతక్ నడిపినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, సీటు ఎత్తితేగానీ పెట్రోల్ పోసే వీలుండేది కాదు. ఇప్పటికీ చాలా స్కూటర్లు అంతే. వాటికి సీటు మీదుగా తాడు కట్టారో... బంకులో మొత్తం విప్పాల్సిందే. యాక్టివా 6జీ లాంటి వాటికి మూత బయటే, వెనక లైటుకు పైన ఉంటుంది. హమ్మయ్య అనుకోకండి. సీటు దాటి వెనక్కి వేలాడే మూట సరిగ్గా ఆ మూతకే అడ్డం పడుతుంది!

బాక్సు బిగించుకునేవాళ్లకు 2020లో కేంద్రం కొలతలు పెట్టింది. పొడవు 55, వెడల్పు 51, ఎత్తు 50 సెంటీమీటర్లు దాటకూడదు. బాక్సు వెనక సీటు చోట ఉంటే నడిపేవాళ్లు తప్ప ఇంకొకరు ఎక్కకూడదు. ఇక పిల్లల సంగతి. నాలుగేళ్లలోపు వాళ్లకు హెల్మెట్, నడిపేవారికి కట్టే పట్టీ ఉండాలని, వేగం నలభై దాటకూడదని 2022లో నిబంధన వచ్చింది. ట్యాంకు మీది బ్యాగు పిల్లలకు సీటు కానేకాదు. నలుగురున్న కుటుంబమైతే పిల్లలు, అమ్మ బస్సులో, సామాను నాన్న బండి మీద... అదే క్షేమం.

బయల్దేరే ముందు...

* సామానంతా కట్టాక ఒకసారి ట్యాంకు మూత తీసి చూడండి. నిమిషంలోపు తెరుచుకుంటేనే సర్దుడు బాగున్నట్టు.

* బంకు డబ్బులు చొక్కా జేబులోనే ఉండాలి. బ్యాగు అడుగున కాదు.

* బరువున్న బండిని సైడ్ స్టాండ్ మీద నమ్మొద్దు. సెంటర్ స్టాండ్ వేశాకే మూత తీయండి.

* పెట్రోల్ పోసేటప్పుడు ఇంజిన్ ఆపి, అందరూ దిగి పక్కన నిలబడాలి. ఎండలో పెట్రోల్ వ్యాకోచిస్తుంది. మూతదాకా నింపించొద్దు.

* దారి కోసమని ప్లాస్టిక్ సీసాలో పెట్రోల్ వద్దేవద్దు.

* పది కిలోమీటర్లు వెళ్లాక ఆగి తాళ్లు చూసుకోండి. వెనక టైరులో గాలి ఇద్దరికి సరిపడా ఉండాలి.

ఇంకో సంగతి. వెళ్లేటప్పుడు రెండు బ్యాగులే. తిరిగొచ్చేటప్పుడు? సకినాల డబ్బా, అరిసెలు, కొత్త బియ్యం, కందిపప్పు... అమ్మ ఇస్తూనే ఉంటుంది, వద్దంటే ఊరుకోదు. అందుకే వెళ్లేటప్పుడే కాస్త చోటు మిగుల్చుకోండి. ఆ డబ్బా ఎక్కడ కట్టినా ఫరవాలేదు... మూత మీద మాత్రం కాదు!