సంధ్య వెలుగులో విమానం ఫోటో: ఫోన్‌తో నేను చేసిన తప్పులు, నేర్చుకున్న సెట్టింగ్స్

2022 నవంబర్‌లో మా అక్క మొదటిసారి కువైట్ వెళ్ళింది. రాజమండ్రి నుంచి చెన్నై, అక్కడి నుంచి కువైట్. అమ్మ ఎయిర్‌పోర్ట్‌కి రాలేదు, అక్క కూతుర్ని పట్టుకుని రావులపాలెంలో ఇంటి దగ్గరే ఉండిపోయింది. నేను బయల్దేరుతుంటే ఒకటే మాట చెప్పింది: "అక్క ఎక్కిన ఇమానం ఫోటో తీసుకురారా."

అప్పటికి నా చేతిలో ఉన్నది కొని రెండు నెలలైనా కాని ఫోన్. రివ్యూలన్నీ చదివి, నైట్ మోడ్ శాంపిల్స్ పక్కపక్కన పెట్టి చూసి మరీ కొన్నాను. విమానం ఫోటో ఎంత పని అనుకున్నాను. మధురపూడిలో ఎయిర్‌పోర్ట్ బయట, రోడ్డు పక్కన నిలబడ్డాను. పొద్దు వాలిపోయింది. విమానం లేచింది. నేను బటన్ నొక్కాను. ఫోన్ "కదలకుండా పట్టుకోండి" అంది. పట్టుకున్నాను.

ఇంటికొచ్చి చూపిస్తే అమ్మ అడిగింది: "ఇందులో మూడున్నాయేంట్రా? అక్క దేంట్లో ఉంది?"

నిజమే. ఒకదానికొకటి అతుక్కున్న మూడు దెయ్యాల్లా ఉన్నాయి. అప్పుడు నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. నెట్‌లో సాయంత్రం పూట ఎగురుతున్న మంచి విమానం ఫోటో ఒకటి డౌన్‌లోడ్ చేసి, "ఇదిగో, ఇది సరిగ్గా వచ్చింది" అని అమ్మకి పంపాను. అమ్మ దాన్ని వాల్‌పేపర్‌గా పెట్టుకుంది. పది రోజుల తర్వాత వీడియో కాల్‌లో అక్క నవ్వింది. "ఒరేయ్, ఇదెవరి విమానంరా? నేనెక్కినదానికి రెక్కలకి పంకాలున్నాయి!"

అమ్మ ఏమీ అనలేదు. వాల్‌పేపర్ మాత్రం మార్చేసింది. ఆ రోజు నుంచే నేను విమానాల ఫోటోలు సీరియస్‌గా నేర్చుకోవడం మొదలుపెట్టాను. నాలాగే దెబ్బ తినకుండా, తెలుసుకున్నదంతా మీకు చెప్తున్నాను.

నైట్ మోడ్ ఎందుకు ముంచుతుంది?

వెలుగు తగ్గగానే చాలా ఫోన్లు మనల్ని అడక్కుండానే నైట్ మోడ్‌లోకి వెళ్ళిపోతాయి. అది తీసేది ఒక ఫోటో కాదు. ఒకటి రెండు సెకన్లపాటు వరసగా చాలా ఫ్రేములు తీసి, వాటిని కలిపి ఒకటి చేస్తుంది. గుడికో చెట్టుకో అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది, ఎందుకంటే అవి కదలవు.

అక్క ఎక్కింది ఏటీఆర్ 72. పొడవు 27 మీటర్లు. లేచే సమయంలో దాని వేగం గంటకి సుమారు 200 కిలోమీటర్లు అనుకోండి. అంటే రెండు సెకన్లలో 110 మీటర్లు పైనే వెళ్ళిపోతుంది. తన పొడవుకి నాలుగు రెట్లు! ఫోన్ ఆ ఫ్రేములన్నీ ఒకదాని మీద ఒకటి అతికిస్తే మూడు విమానాలు కాక ఇంకేం వస్తాయి?

కాబట్టి మొదటి పని: సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఆటో నైట్ మోడ్ ఆఫ్ చేయండి. తర్వాత ప్రో మోడ్ తెరిచి షట్టర్ స్పీడ్ మీరే పెట్టండి. అర కిలోమీటరు దూరంలో అడ్డంగా వెళ్తున్న విమానాన్ని 5ఎక్స్ లెన్స్‌తో తీస్తే, 1/60 సెకను దగ్గర అది ఫోటోలో పాతిక పిక్సెల్స్ మేర చెదిరిపోతుంది. 1/500 దగ్గర మూడు పిక్సెల్స్. 1/1000 దగ్గర ఒకటిన్నర. తేడా అర్థమైంది కదా.

రెక్కలకి పంకాలుంటే లెక్క వేరు

రాజమండ్రి రన్‌వేని 3,165 మీటర్లకి పొడిగించాక, 2024 డిసెంబర్ నుంచి ముంబై, ఢిల్లీలకి డైరెక్ట్‌గా ఎయిర్‌బస్ జెట్లు మొదలయ్యాయి. అయినా మన ప్రాంతంలో తరచుగా కనిపించేది ఏటీఆరే. దాని ప్రొపెల్లర్‌కి ఆరు బ్లేడ్లు. టేకాఫ్‌లో నిమిషానికి 1,200 సార్లు తిరుగుతాయి, అంటే సెకనుకి 20 చుట్లు.

1/1000 పెడితే బ్లేడ్లు దాదాపు ఆగిపోయినట్టు పడతాయి. విమానం గాల్లో ఇంజిన్ ఆపేసినట్టు కనిపిస్తుంది. 1/125 పెడితే ఒక్కో బ్లేడ్ సుమారు 58 డిగ్రీలు తిరుగుతుంది. బ్లేడ్ల మధ్య దూరం 60 డిగ్రీలు. అంటే చక్రం చక్కగా నిండుతుంది, చూడగానే తిరుగుతోందని తెలుస్తుంది. కాకపోతే అంత నెమ్మది షట్టర్‌లో విమానం చెదరకూడదంటే, దానితోపాటే ఫోన్‌ని కూడా అదే వేగంతో తిప్పాలి. దీన్నే ప్యానింగ్ అంటారు. హైవే మీద వెళ్ళే లారీల మీద ప్రాక్టీస్ చేయండి, మా ఊళ్ళో వాటికి కొదవ లేదు.

ఇంకో చిక్కుంది. ఫోన్ సెన్సర్ బొమ్మనంతా ఒక్కసారే చదవదు, వరస వరసగా చదువుతుంది. ఈలోగా బ్లేడ్ తిరిగిపోతుంది. అందుకే కొన్ని ఫోటోల్లో బ్లేడ్లు అరటిపండ్లలా వంకరగా వస్తాయి. అరటి గెలల మార్కెట్ ఉన్న ఊరివాణ్ణి కాబట్టి మొదట నాకు అందులో తప్పేమీ కనిపించలేదు! ఎదురుగా వచ్చే విమానంలో ఇది బాగా తెలుస్తుంది. పక్క నుంచి తీస్తే తక్కువ.

జూమ్ మీద ఆశ పెట్టుకోవద్దు

11 కిలోమీటర్ల ఎత్తున వెళ్ళే ఏ320 జెట్ పొడవు 37 మీటర్ల పైచిలుకు. కింద నుంచి చూస్తే అది చందమామ వెడల్పులో సగం కూడా ఉండదు. 12 మెగాపిక్సెల్ ఫోటోలో మెయిన్ కెమెరాతో దానికి దక్కేది సుమారు 9 పిక్సెల్స్. 5ఎక్స్ టెలిఫొటోతో 45. అంతకుమించి స్క్రీన్ మీద కనిపించేదంతా ఫోన్ ఊహించి గీసిందే.

ఇక్కడ ఒక మోసం కూడా ఉంది. వెలుగు తగ్గితే కొన్ని ఫోన్లు మీరు 5ఎక్స్ నొక్కినా టెలిఫొటో లెన్స్ వాడవు. మెయిన్ కెమెరా బొమ్మనే కత్తిరించి పెద్దది చేసి ఇస్తాయి. టెలిఫొటో లెన్స్‌లో పడే వెలుగు మెయిన్ దానికంటే చాలా తక్కువ కాబట్టి అలా చేస్తాయి. మీ ఫోన్ సంగతి తెలుసుకోవాలంటే సాయంత్రం పూట 5ఎక్స్ పెట్టి, టెలిఫొటో లెన్స్‌ని వేలితో మూయండి. స్క్రీన్ నల్లబడకపోతే అది మెయిన్ కెమెరాతో తీస్తోందని అర్థం. ప్రో మోడ్‌లో లెన్స్ మీరే ఎంచుకునే వీలుంటే అలాగే చేయండి.

నా సలహా: విమానాన్ని పెద్దది చేయాలని చూడకండి. దాని కింద ఏముందో చూడండి. కొబ్బరి చెట్ల వరస, గౌతమి నీళ్ళు, లంకలో అరటి తోట, ఏటిగట్టు మీద సైకిల్. ఆకాశానికి ఎక్స్‌పోజర్ పెడితే ఇవన్నీ నల్లటి నీడల్లా నిలబడతాయి. విమానం చిన్న గీతైనా కన్ను అక్కడికే వెళ్తుంది.

మనకు చీకటి, దానికి ఎండ

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించిన విషయం ఇది. ఎత్తుకి వెళ్ళినకొద్దీ పొద్దు ఆలస్యంగా కుంకుతుంది. 11 కిలోమీటర్ల ఎత్తున ఉన్న విమానానికి మనకంటే సుమారు 14 నిమిషాలు ఎక్కువసేపు ఎండ ఉంటుంది. రెండున్నర కిలోమీటర్ల ఎత్తున ఉన్నదానికి ఆరేడు నిమిషాలు. తెల్లవారుజామున ఇదే తిరగబడుతుంది. మనం ఇంకా మసక చీకట్లో ఉండగానే పైన విమానం, దాని వెనక తెల్లటి చార బంగారంలా వెలుగుతాయి. చార అన్ని రోజులూ రాదు. పైన గాలిలో గట్టి చలీ, తగినంత తేమా రెండూ ఉండాలి.

అయితే మన దగ్గర సంధ్య చాలా చిన్నది. సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా దిగిపోతాడు. పొద్దు కుంకాక వెలుగు నిలిచేది 22, 23 నిమిషాలే. లండన్‌లో జూన్ నెలలో అది ముప్పావు గంట దాటుతుంది. కాబట్టి ఫోన్ సెట్టింగ్స్ ముందే పెట్టేసుకుని నిలబడాలి. డిసెంబర్‌లో మా ఊళ్ళో ఐదున్నరకే సూర్యాస్తమయం, మే నెలలో దాదాపు ఆరున్నర. విమానం ఎప్పుడొస్తుందో ఫ్లైట్‌రాడార్24 లాంటి యాప్‌లో చూసుకోవచ్చు. చాలావరకు విమానమే తన స్థానాన్ని రేడియోలో చెబుతూ ఉంటుంది, యాప్ దాన్నే మ్యాప్ మీద చూపిస్తుంది. కాస్త ఆలస్యంగా చూపించినా కంగారుపడకండి.

పొద్దున్నకీ సాయంత్రానికీ తేడా కూడా గమనించండి. చలికాలం పొద్దున్నే డెల్టాలో మంచు పట్టేస్తుంది. రంగులు మెత్తగా, పాలిపోయినట్టు వస్తాయి. సాయంత్రం గాల్లో దుమ్ము, పొగ ఎక్కువ కాబట్టి ఎరుపు ముదురుతుంది.

నా సెట్టింగ్స్

- షట్టర్: జెట్‌కి 1/500 నుంచి 1/1000. ప్రొపెల్లర్ విమానం దగ్గరగా ఉంటే 1/125, ప్యానింగ్‌తో.
- ఐఎస్‌ఓ: 100 దగ్గర మొదలుపెట్టి, వెలుగు తగ్గేకొద్దీ 800 వరకు. ఆ పైన బొమ్మలో ఇసక పోసినట్టు అవుతుంది.
- ఫోకస్: మాన్యువల్, అనంతం దగ్గర. ఆటో పెడితే ఖాళీ ఆకాశంలో వెతుక్కుంటూ ఉండిపోతుంది.
- వైట్ బ్యాలెన్స్: 5,500 కెల్విన్ దగ్గర ఆపేయండి. ఆటోలో ఉంటే ఆ ఎరుపుని తప్పనుకుని ఫోన్ సరిచేసేస్తుంది.
- ఫార్మాట్: రా ఉంటే రా.
- బర్స్ట్: రెక్కల చివర తెల్ల లైట్లు వెలిగి ఆరిపోతుంటాయి. ఆ మెరుపు దొరకాలంటే వరసగా పదిహేను ఇరవై తీయాలి. ఎడమ రెక్కకి ఎర్ర లైటు, కుడి రెక్కకి ఆకుపచ్చ. చీకట్లో విమానం వస్తోందో పోతోందో వీటిని బట్టే తెలుస్తుంది.

ఎక్కడ నిలబడాలి?

ఎయిర్‌పోర్ట్ గోడ పట్టుకుని వేలాడొద్దు. రన్‌వే, సెక్యూరిటీ ఏర్పాట్లు తీయొద్దు. వద్దన్నారంటే వచ్చేయండి, వాదించకండి. విశాఖపట్నంలో ఇంకా జాగ్రత్త, అక్కడి పాత ఎయిర్‌పోర్ట్ నేవీ స్థావరం ఐఎన్‌ఎస్ డేగాలో ఉంది. డ్రోన్, లేజర్ లైట్ ఆలోచనే పెట్టుకోవద్దు. హైదరాబాద్ వాళ్ళకైతే బేగంపేటలో జరిగే వింగ్స్ ఇండియా ప్రదర్శన మంచి అవకాశం.

మా ఊళ్ళోనైతే రావులపాలెం–జొన్నాడ వంతెన మీద ఎప్పుడూ ఆగకండి, అది నేషనల్ హైవే. కిందకి దిగి ఏటిగట్టు మీదకి వెళ్ళండి. నా స్పాట్ అదే.

రెండోసారి

2025 జనవరిలో, సంక్రాంతికి వచ్చిన అక్క మళ్ళీ బయల్దేరింది. మళ్ళీ సాయంత్రం విమానమే, మళ్ళీ చెన్నై మీదుగానే. ఈసారి దింపడానికి బావ వెళ్ళాడు. నేను అమ్మని, మేనకోడల్ని తీసుకుని గట్టు మీదకి వెళ్ళాను. యాప్‌లో దారి చూస్తే విమానం మాకు పడమర దిక్కున, తణుకు మీదుగా వెళ్ళేలా ఉంది. అంటే మాకు 17 కిలోమీటర్ల దూరం.

పొద్దు కుంకి ఐదు నిమిషాలైంది. కొబ్బరి చెట్లపైన చిన్న చుక్క కదిలింది. అమ్మ, పిల్ల ఇద్దరూ అటే చూస్తున్నారు. వాళ్ళ వెనక నుంచి పద్దెనిమిది ఫ్రేములు తీశాను. ఒకదాంట్లో లైటు మెరిసింది.

ఇంటికొచ్చి కొలిచాను. విమానం మొత్తం 21 పిక్సెల్స్. ఫోన్ కింద "మెరుగుపరచాలా?" అని బటన్ చూపించింది. నొక్కితే ఆ చుక్కకి రెక్కలూ కిటికీలూ వచ్చేవేమో. నొక్కలేదు. ఒకసారి ఎవరిదో విమానం అమ్మకిచ్చాను, అది చాలు.

అమ్మ రెండు వేళ్ళతో పెద్దది చేసి చూసింది. "ఇదేనా? చిన్నగా ఉందేంట్రా?"

"దూరంగా ఉందమ్మా."

"ఊఁ. దూరమే కదా," అంది. ఆ రాత్రే వాల్‌పేపర్ మారింది.

అక్కకి కూడా పంపాను. కువైట్‌లో దిగాక జవాబు వచ్చింది: "మీకు అప్పటికే చీకటి పడిపోయిందా? నాకు కిటికీలోంచి ఇంకా ఎండ కళ్ళలో పడుతోందిరా."