ట్రాక్టరుకు ట్రక్కు తగిలించే కొక్కెం



మన నెల్లూరు డెల్టాలో కోతలు ముగిసి వడ్లు కదిలే రోజుల్లో కోవూరు, విడవలూరు, అల్లూరు, ఇందుకూరుపేట దారుల్లో ఎటు చూసినా ట్రాక్టర్లే కనిపిస్తాయి. వెనుక ట్రక్కుల్లో వడ్ల బస్తాలు, వరిగడ్డి, రొయ్యల గుంటలకు మేత, ఇసకపల్లి కొఠార్ల ఉప్పు, ఒకటేమిటి, అన్నీ వెళుతుంటాయి. ట్రాక్టరు కొనేటప్పుడు ఎన్ని గుర్రాల బలమో, గంటకు ఎంత నూనె తాగుతుందో విచారిస్తాం. ట్రక్కు కొనేటప్పుడు రేకు మందం చూస్తాం, టైర్లు తట్టి చూస్తాం. యీ రెండింటినీ కలిపే కొక్కెం సంగతి మాత్రం వెల్డింగు షాపువాడి దయకు వదిలేస్తాం. ప్రాణం ఆధారపడి వున్నది ఆ కొక్కెం మీదనే సుమా! కాబట్టి దాన్ని ఎట్లా ఎంచుకోవాలో, ఎట్లా అమర్చుకోవాలో యిప్పుడు చెప్పుకుందాం.

ముందు బరువు లెక్క చూడండి. మన జిల్లాలో పుట్టి అంటే 850 కిలోలు గదా. నాలుగు పుట్ల వడ్లు ఎక్కిస్తే 3,400 కిలోలు అవుతాయి. ఖాళీ ట్రక్కు బరువే టన్నుకు పైగా వుంటుంది. అంతా కలిస్తే నాలుగున్నర టన్నులు. లాగే ట్రాక్టరు 45 గుర్రాల బలం కలదైతే దాని బరువు సుమారు రెండు టన్నులు. అంటే లాగేదానికన్నా లాగబడేది రెట్టింపు బరువు అన్నమాట. పైగా చాలా ట్రక్కులకు బ్రేకులు వుండవు. కాబట్టి ఆపవలసిన భారమంతా ట్రాక్టరుదే, ఆ భారం ట్రాక్టరుకు చేరేది కొక్కెం ద్వారానే. రిజిస్ట్రేషను పత్రంలో రాసిన బరువుకు మించి ఎక్కించకుండా వుండటం మొదటి జాగ్రత్త.

ఇక కొక్కెం ఎక్కడ వుండాలి? దీనికి ఒకటే సూత్రం. ట్రాక్టరు వెనుక ఇరుసు కన్నా కిందుగా వుండాలి. ఎందుకంటారా? వెనుక చక్రాలు నేలను పట్టుకొని తిరగబోతాయి. వెనుక బరువు కదలకుండా మొండికేసిందనుకోండి. చక్రం తిరగలేకపోతే, యింజను బలం ట్రాక్టరు శరీరాన్నే ఇరుసు చుట్టూ తిప్పుతుంది. ముందు చక్రాలు గాలిలోకి లేస్తాయి. లాగుడు ఇరుసుకు కిందుగా వుంటే, ఆ లాగుడే ముందు భాగాన్ని నేలకు అదిమి పెడుతుంది. ఇరుసుకు పైగా గొలుసు కట్టి లాగితే, ఆ లాగుడే ట్రాక్టరును వెనక్కు తిరగేస్తుంది. డ్రైవరు క్లచ్చి తొక్కుదామనుకునే లోపల, ఒక్క సెకనులో, ట్రాక్టరు చేయిదాటిపోతుంది. అందుచేత టాప్ లింకు తగిలించే చోటికిగాని, ఇరుసు గొట్టానికిగాని ఎన్నడూ గొలుసు కట్టరాదు.

యీ సంగతి ప్రపంచం అనుభవం మీద నేర్చుకున్నది. 1917లో అమెరికాలో బయలుదేరిన ఫోర్డ్‌సన్ ట్రాక్టర్లు, నాగలి రాతికో వేరుకో తట్టుకుంటే వెనక్కు తిరగబడేవి. ఆ దోషం పోగొట్టటానికి పాటుపడినవారిలో ఐర్లండు వాడైన హారీ ఫెర్గూసన్ ముఖ్యుడు. నాగలిని మూడు చోట్ల పట్టుకొనే అమరికను ఆయన రూపొందించాడు. 1939లో ఫోర్డుతో కలిసి ఆ అమరికతో ట్రాక్టరు తెచ్చాడు. 1960లో మద్రాసులో స్థాపించబడిన టాఫే సంస్థ మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్లు తయారుచేయగా, ఆ అమరిక మన కయ్యల్లోకీ వచ్చింది. ఇప్పుడు ఏ కంపెనీ ట్రాక్టరుకైనా వెనుక ఆ మూడు చేతులు వుంటాయి.

అయితే ఒక మాట గుర్తుంచుకోండి. నాగలికి మంచివైన ఆ చేతులు ట్రక్కుకు మంచివి కావు. కింది రెండు చేతుల మధ్య రంధ్రాల పట్టీ పెట్టి, దానికి ట్రక్కు తగిలించేవారు కొందరున్నారు. ఆ చేతులు పైకీ కిందికీ కదిలేవి. గతుకులో ఎగురుతాయి. పొరబాటున హైడ్రాలిక్ లివరు తగిలిందా, కొక్కెం పైకి లేస్తుంది, ట్రక్కు ముందు భాగమూ లేస్తుంది. పొలంలో చిన్న పనికి ఆ పట్టీ వాడినా, చేతులు కదలకుండా బిగించే ఊతకమ్ములు వుండవలెను. రోడ్డు మీద బరువు ట్రక్కుకు మాత్రం అది వద్దు.

మరి ఏది వాడాలి? రెండు రకాలున్నాయి. ఒకటి, ట్రాక్టరు కిందుగా వెనక్కు వచ్చే డ్రాబారు. రెండవది, ట్రాక్టరు వెనుక బోల్టులతో బిగించే ట్రాలీ కొక్కెం. నాలుగు చక్రాల ట్రక్కు తన బరువు తానే మోసుకుంటుంది, నొగ మీద బరువు పడదు. దానికి డ్రాబారు చాలును. అటూ ఇటూ ఊగే డ్రాబారు అయితే, రోడ్డు మీదికి వచ్చేముందు ఊగకుండా పిన్నులతో బిగించాలి. రెండు చక్రాల ట్రక్కు అయితే కొంత బరువు ట్రాక్టరు మీద వేస్తుంది. దానికి కంపెనీవారు ఆ మోడలుకే యిచ్చే గట్టి కొక్కెం కావాలి. ఎన్ని కిలోల నొగ బరువు తట్టుకుంటుందో ట్రాక్టరుతోపాటు యిచ్చే పుస్తకంలో రాసి వుంటుంది. చదవటం రాకపోతే పిల్లలచేత చదివించుకోండి.

నొగ బరువు అంటే ఏమిటి? ఎడ్లబండి తోలినవారికి యిది వేరే చెప్పనక్కరలేదు. బండిలో బరువు వెనక్కు పడితే కాడి పైకి లేచి ఎద్దు గొంతు బిగుసుకుంటుంది. ముందుకు పడితే మెడలు ఒరుసుకొని పోతాయి. రెండు చక్రాల ట్రక్కూ అంతే. కొక్కెం నుంచి ట్రక్కు ఇరుసుకు పది అడుగులు వున్నదనుకుందాం. ఎక్కించిన సరుకు బరువు కేంద్రం ఇరుసుకు ఒక అడుగు ముందుగా వుంటే, అందులో పదో వంతు కొక్కెం మీద పడుతుంది. 3,400 కిలోలకు 340 కిలోలు. యిది మంచి పాళం. అదే బరువు ఇరుసుకు అర అడుగు వెనక్కు వుంటే, ఇరవయ్యో వంతు, అనగా 170 కిలోలు, కొక్కేన్ని పైకి ఎత్తుతుంటాయి. అప్పుడు ట్రాక్టరు వెనుక చక్రాల పట్టు తగ్గుతుంది. ట్రక్కు పాములాగా అటూ ఇటూ ఊగుతుంది. పిన్ను తీసిన క్షణాన నొగ ఎగిరి ఎదుట వున్న మనిషిని కొడుతుంది.

ముందు బరువు మరీ ఎక్కువైనా చేటే. ట్రాక్టరు ముందు చక్రాలు తేలికపడి, స్టీరింగు తిప్పినా ముక్కు తిరగదు. కాలవ గట్టు మీద మలుపులో యిది ఎంత ప్రమాదమో మీరే ఆలోచించండి. ట్రాక్టరు బరువులో కనీసం ఐదో వంతు ముందు చక్రాల మీద వుండి తీరాలి. పరీక్షించటం కష్టం కాదు. ధాన్యం తూచే లారీ కాటా దగ్గరకు వెళ్ళినప్పుడు, ట్రాక్టరును ఒంటరిగా ఒకసారి తూకం వేయించండి. తరువాత బరువు ట్రక్కు తగిలించి, ట్రక్కు చక్రాలు కాటా బయట వుండేట్టు ట్రాక్టరును మాత్రం కాటా మీద నిలిపి చూడండి. పెరిగినదే నొగ బరువు. అట్లాగే ముందు చక్రాలను మాత్రం నిలిపి మరొకసారి చూడండి. తక్కువైతే ముందు దిమ్మలు కట్టాలి, లేదా సరుకును కొంచెం వెనక్కు సర్దాలి.

ఎత్తు సంగతి కూడా చూడాలి. బరువు ఎక్కించిన ట్రక్కును చదును నేల మీద నిలిపి, తొట్టి అడుగు సమంగా వున్నప్పుడు నొగ కన్ను నేలకు ఎంత ఎత్తున వుందో కొలవండి. కొక్కెం కూడా అంతే ఎత్తున వుండవలెను. కొక్కెం పలకకు పైనుంచి కిందికి రంధ్రాలు వుంటాయి. సమంగా కుదిరే రంధ్రాల్లో అన్నిటికన్నా కిందిది ఎంచుకోండి. కొక్కెం ఎత్తైతే ట్రక్కు ముందు లేచి బరువు వెనక్కు జారుతుంది. మరీ పల్లమైతే ముక్కు నేలకు వంగుతుంది. పూర్తిగా మలుపు తిప్పి చూసి, నొగ టైరుకు తగలకుండా, పి.టి.ఓ. షాఫ్టుకు అడ్డం రాకుండా వున్నదీ లేనిదీ చూసుకోండి.

ఇక పిన్ను. బండి ఇరుసుకు శీల లేకపోతే చక్రం వూడిపోతుందని పసివాడికీ తెలుసు. ట్రక్కు పిన్నుకు మాత్రం దొరికిన బోల్టో, యినుప కమ్మీ ముక్కో దూర్చి వూరుకుంటాం. అది తగదు. కన్నుకు సరిపడే లావు గల గట్టి ఉక్కు పిన్ను వాడండి. పైనుంచి కిందికి దూర్చి, కింద స్ప్రింగు శీల వేయండి. కన్ను అరిగి పెద్దదై, పిన్ను వదులుగా ఆడుతుంటే ప్రతి బ్రేకుకూ సుత్తితో కొట్టినట్లు దెబ్బ తగులుతుంది. అరిగిన కన్నును మార్చాలిగాని పూతవెల్డింగుతో సరిపుచ్చరాదు. పిన్నుతోపాటు ఒక గొలుసు కూడా కావాలి. నొగ కిందుగా దాటించి ట్రాక్టరు చట్రానికి కట్టండి. మలుపు తిరిగేంత వదులు వుంటే చాలు, నేలకు రాసుకోకూడదు. పిన్ను విరిగినా ట్రక్కు రోడ్డున పోయేవారి మీదికి పోకుండా ఆ గొలుసే ఆపుతుంది.

సముద్రం ఒడ్డున వున్న మనకు మరొక శత్రువు ఉప్పుగాలి. మెట్టనాట ఏళ్ళ తరబడి మన్నే పిన్ను, మైపాడు, కోడూరు ప్రాంతాల్లో తొందరగా తుప్పు తింటుంది. ఉప్పు తోలినా, రొయ్యల పెట్టెలనుంచి ఐసు నీళ్ళు కారినా, ఆ సాయంత్రమే మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, గ్రీజు పూయండి. తుప్పు పైన కనిపించేది తక్కువ. గొలుసు లంకెల మధ్య, బోల్టు మరల్లో, వెల్డింగు అతుకుల్లో దాగి వుంటుంది. వారానికొకసారి చీపురుతో దులిపి, సన్నని పగులు కనిపిస్తుందేమో చూడండి.

తగిలించేటప్పుడు ట్రాక్టరుకూ ట్రక్కుకూ మధ్య మనిషి నిలబడరాదు. కుర్రవాణ్ణి నొగ పట్టుకోమని, ట్రాక్టరు వెనక్కు తోలటం మనవాళ్ళ అలవాటు. క్లచ్చి మీద కాలు జారితే ఆ పిల్లవాడు నలిగిపోతాడు. ట్రక్కు చక్రాలకు రాళ్ళు అడ్డంపెట్టి, నొగను స్టాండు మీద నిలిపి, ట్రాక్టరు వెనక్కు తెచ్చి, గేరు తప్పించి, హ్యాండు బ్రేకు వేసిన తరువాతనే మనిషి లోపలికి వెళ్ళి పిన్ను వేయాలి. విప్పేటప్పుడూ యిదే వరస.

రోడ్డెక్కేముందు రెండు బ్రేకు పెడళ్ళనూ పట్టీతో కలపండి. ఒక్కవైపు బ్రేకే పడితే ట్రక్కు నెట్టి ట్రాక్టరును అడ్డంగా మడిచేస్తుంది. వేగం రెట్టింపైతే ఆగటానికి కావలసిన దూరం నాలుగు రెట్లు అవుతుంది. వంతెన దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగండి. క్లచ్చి తొక్కి దొర్లించవద్దు. జాతీయ రహదారి మీదికి చీకటిపడ్డాక రావలసి వస్తే, వెనుక ఎర్ర దీపం, మెరిసే పట్టీలు లేకుండా రావద్దు.

ఎడగారు కోతల నాడు వాన పడి ట్రక్కు కయ్యలో దిగబడితే తొందరపడవద్దు. కొన్ని బస్తాలు దించండి. వెనుక చక్రాలకు కొయ్యలు కట్టటం చాలా ప్రమాదం. చక్రం తిరగక, ట్రాక్టరే తిరగబడుతుంది. రెండవ ట్రాక్టరు తెచ్చి, డ్రాబారుకే గొలుసు కట్టి, మెల్లగా లాగించండి. చుట్టూ మనుషులు గొలుసుకు దూరంగా వుండాలి.

చివరగా ఒక మాట. 2018 జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర, ఆడకూలీలు ఎక్కిన ట్రాక్టరు మూసీ కాలవలో పడి పదిహేనుమంది ప్రాణాలు పోయాయి. ఆ మాట యిక్కడ చెప్పటం కొక్కెం గురించి కాదు. తొట్టి చేసింది వడ్లకు, మనుషులకు కాదు. కూర్చోను సీటు లేదు, పట్టుకోను పట్టు లేదు. చట్టమూ ఒప్పదు. నాటు కూలీలనైనా, తిరునాళ్ళకు వెళ్ళే యింటివారినైనా, తొట్టిలో ఎక్కించకండి, నొగ మీద కూర్చోనివ్వకండి.

కిందుగా కొక్కెం, కొంచెం ముందుకు బరువు, గట్టి పిన్ను, తోడుగా గొలుసు. యీ నాలుగూ సరిచూసుకోవటానికి పట్టేది బీడీ కాల్చినంత సేపు. యీ సాయంత్రమే ట్రాక్టరు వెనక్కు వెళ్ళి ఒకసారి చూడండి. సెలవు.